కుట్లు విప్పిన నవల

మొన్న నంద్యాలలో మా మనవరాలు బొరుగుల ఉగ్గాని పళ్లెం ముందు పెట్టుకుని ఫోన్‌లో నవల చదువుతూ కూర్చుంది. మిరపకాయ బజ్జీ చల్లారి మెత్తబడిపోయింది. వంటింట్లోంచి నా కూతురు పిలిచి పిలిచి విసుగెత్తి, ఆ ఫోన్ తీసుకెళ్లి కాలవలో పారేస్తానని బెదిరించింది. పిల్ల ఊ కొట్టింది గానీ కళ్లు పైకెత్తలేదు. నాకు ముచ్చటేసింది. నవల పిచ్చి ఎవరికి పట్టినా నాకు ముచ్చటే. పక్కన చేరి, అంత బాగుంటే నాకూ కొంచెం ఇవ్వవే, నువ్వు ముందుకు పో, నువ్వు వదిలేసిన భాగం నేను చదువుకుంటాను అన్నాను. అది నా వైపు జాలిగా చూసింది.

“ఒక ఫోన్లో ఇద్దరం ఎట్లా చదువుతాం అవ్వా?”

నిజమే, చదవలేం. కానీ నాకు నవ్వొచ్చింది. నా చిన్నతనంలో ఆళ్లగడ్డలో మా వీధి ఆడవాళ్లంతా ఒకే పుస్తకాన్ని ఒకే రోజు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని చదివేవాళ్లు. అదెట్లా కుదిరేదో చెబుదామని మొదలుపెట్టాను. పిల్ల అప్పటికే మళ్లీ కథలోకి వెళ్లిపోయింది. తప్పు దానిది కాదు, మంచి చోట ఆగి ఉంటుంది. మీరైనా వినండి.

ఆళ్లగడ్డలో మా నాయనకు రోడ్డు మీద అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ, బెల్లం, వేరుశనగ బుడ్డల నూనె, అన్ని వాసనలూ గోడ దాటి ఇంట్లోకి వచ్చేసేవి. మా బట్టలకు కూడా పట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, మీ ఇంటి వాసన తగిలితే నాకు చారన్నం గుర్తొస్తుందనేది. నేను మురిసిపోయేదాన్ని. అంగడికి ఎదురుగానే నంద్యాల బస్సు ఆగేది. ఆ బస్సు పొద్దున నంద్యాల నుంచి వచ్చి, అహోబిలం దాకా పోయి, మళ్లీ మా ముందు నుంచే వెనక్కి పోయేది.

ఈ కథంతా మా అత్తది. నాయనకు ఒక్కతే చెల్లెలు. పసితనంలో జ్వరమొచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి, వంగి, ఒక్కో అడుగు వేసేది. సంబంధాలు చూశారు, కుదరలేదు, చూడడం మానేశారు. అట్లాగని ఆమెను మా ఇంట్లో ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆ మాట ముందే చెప్పాలి. కాఫీ కూర్చున్న చోటికే వచ్చేది. అన్నం కంచం కూర్చున్న చోటికే వచ్చేది. పండక్కి చీరల మూట నాయన ఆమె ముందే మొదట విప్పేవాడు. అంగడి వెనక గదిలో కిటికీ కింద ఆమె చాప. ఆ చాప మీద కూర్చుని పాత పేపర్లతో పొట్లాలు చేసేది, చిరిగిన గోనె సంచులు దబ్బనంతో కుట్టేది. అత్త కుట్టిన సంచి మళ్లీ చిరగదని నాయన గొప్పగా చెప్పుకునేవాడు. గడప దాటి ఆమె వీధిలోకి వచ్చేది కాదు. రమ్మని అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ ఉండేది కాదు.

ఆమెకున్నది ఒకటే యావ, నవలలు. నవల చేతికొస్తే అత్తకు ఆకలి ఉండదు. పాలు పొంగిపోతున్నా, కిటికీలోంచి కోతి చెయ్యి పెట్టి చాప మీది పల్లీలు ఎత్తుకుపోతున్నా ఆమెకు తెలియదు. ఒకసారి అంగడికి వచ్చినాయన జీలకర్ర పొట్లం అడిగితే, తల ఎత్తకుండా, ఆయన ఇంకా ఊరు చేరలేదు, వానలో ఇరుక్కున్నాడు అని జవాబు చెప్పింది. పాపం అడిగినాయన, వానలో ఇరుక్కుంది ఎవరని నాయనను అడిగాడు.

నవలలు నంద్యాల నుంచి వచ్చేవి. బస్టాండు పక్క సందులో ఒక ముసలి సాయిబు అద్దె పుస్తకాల షాపు నడిపేవాడు. మా బస్సు కండక్టరు మంచివాడు. పొద్దున సాయిబు దగ్గర ఒక నవల తీసుకుని టికెట్ల సంచిలో పెట్టుకుని వచ్చి మా అంగడిలో ఇచ్చేవాడు. మరుసటి రోజు బస్సు అహోబిలం నుంచి తిరిగొచ్చేటప్పుడు దాన్ని తీసుకుపోయేవాడు. కొత్త నవలల కోసం నంద్యాలలోనే కాచుకుని ఉంటారు కాబట్టి, ఒక రోజుకు మించి ఇవ్వనని సాయిబు షరతు.

ఒక్క రోజు. అత్త ఒక్కతే అయితే సరిపోయేది. కానీ అత్త కళ్లు తుడుచుకుంటూ చదవడం చూసి మా అమ్మకు ఆశ పుట్టింది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి కథ చెప్పుకుంటుంటే విని, పక్కింటి శిల్పాల పెద్దమ్మకు ఆశ పుట్టింది. వాళ్లది దేవుడి బొమ్మలు చెక్కే ఇల్లు. ఆమె చెబితే వీధి చివరి పంతులమ్మకు తెలిసింది. ఆమె పిల్లల బడిలో పాఠాలు చెప్పేది, పైకి గంభీరంగా ఉండేది గానీ లోపల మాకంటే పెద్ద పిచ్చిది. ఇంతమందికి ఒక్క రోజు ఎక్కడ చాలుతుంది?

దానికి ఉపాయం కనిపెట్టింది అత్తే. పుస్తకమంటే చిన్న చిన్న కట్టలు వరసగా పెట్టి కలిపి కుట్టిందే కదా. గోనె సంచులు విప్పి కుట్టే చేతికి అదెంత పని. పుస్తకం రాగానే అట్ట జాగ్రత్తగా ఊడదీసి, దబ్బనం మొనతో కుట్లు లాగి, నవలను కట్టలుగా విడదీసేది. మొదటి కట్ట తను చదివి అమ్మకిచ్చి రెండోది పట్టుకునేది. అమ్మ చదివింది శిల్పాల ఇంటికి, అక్కడి నుంచి పంతులమ్మ ఇంటికి. సాయంత్రానికి వీధి పొడుగునా నవల పరుచుకుని ఉండేది. మరుసటి పొద్దున కట్టలన్నీ అత్త చాప మీదికి తిరిగొచ్చేవి. పాత రంధ్రాల్లోంచే దారం దూర్చి కుట్టి, అట్టకు మైదా బంక రాసి అతికించేది. బస్సొచ్చేసరికి పుస్తకం పుస్తకమై కూర్చునేది.

నేను చెబుతున్న ఆ వేసవి సెలవుల్లో కట్టలు మోసే పని నాది. ఆ పని కోసం నన్నెవరూ బతిమాలలేదు. దారిలో శిల్పాల వాళ్ల పెరట్లో సగం చెక్కిన వినాయకుడి ఒళ్లో కూర్చుని, ఇవ్వాల్సిన కట్టను నేను చదివేసి అప్పుడు ఇచ్చేదాన్ని. ఉలి దెబ్బలు ఆగేవి. దిగమ్మా, స్వామికి ఇంకా కళ్లు తెరవలేదు, అంతలోనే ఒడి నింపినావా అని పెద్దమ్మ మొగుడు పెద్దనాయన నవ్వేవాడు. పేజీల మీద రాతి పొడి పడేది. పేజీలు తిప్పుతుంటే వేళ్లకు గరగరలాడేది. తర్వాత ఏమవుతుందో నాకు ముందే తెలుసు కాబట్టి అందరి ఇళ్లలోనూ నాకు మర్యాదే. చెప్పకుండా ఉండటానికి పంతులమ్మ చెరుకు ముక్కలు పెట్టేది. చెప్పడానికి శిల్పాల పెద్దమ్మ మురుకులు పెట్టేది. నేను రెండూ తినేదాన్ని.

ఆ రోజుల్లో మా వీధిలో నడిస్తే తమాషాగా ఉండేది. కథలో నాయకుడు మా ఇంట్లో చచ్చిపోయి ఉండేవాడు, అమ్మ ముక్కు చీదుతూ పప్పు రుబ్బేది. పక్కింట్లో ఆయన ఇంకా పెళ్లిచూపుల్లో మైసూరుపాకు తింటుండేవాడు, పెద్దమ్మ కిలకిలా నవ్వుతుండేది. వీధి చివర పంతులమ్మ ఇంట్లో ఆయనకు ఇంకా మీసాలు కూడా రాలేదు. మధ్యాహ్నం నీళ్ల దగ్గర కలిసినప్పుడు ముందు చదివినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు చెప్పకూడదని ఒట్టు. అమ్మ మొహం చూసి పెద్దమ్మకు అనుమానమొచ్చేది. ఏమైంది చెల్లీ, ఆయనకేమన్నా అయిందా అని గుచ్చి గుచ్చి అడిగేది. అమ్మ, కళ్లల్లో మిరపపొడి పడిందనేది.

బనగానపల్లె మామిడిపండ్లు గడ్డిలో మాగేసిన గది కూడా అత్త గదికి ఆనుకునే ఉండేది. ఆ వాసన తగులుతుంటే ఊరికే కూర్చుని చదవడం ఎవరి తరం? పండు తిన్న చేత్తో కట్ట ముట్టుకుంటే ఒప్పుకోనని అత్త గట్టిగా చెప్పింది. అమ్మ ఒక చేత్తో పండు జుర్రుకుంటూ, రెండో చేతి చిటికెన వేలితో పేజీ తిప్పడం నేర్చుకుంది.

మా జేజి, అంటే నాయన తల్లి, చదువుకోలేదు. అత్త ఆమెకు చదివి వినిపించేది. జేజికి ఒక పద్ధతి ఉండేది. కథ ఆఖరుకు ఏమవుతుందో ముందే చెప్పాలి. ఆ పిల్ల బాగుపడుతుందంటేనే మొదటి నుంచి వింటుంది. లేకుంటే వద్దంటుంది. చెడిపోయే కథ వినడానికి నా ఒంట్లో ఓపిక లేదనేది. కాబట్టి జేజి కోసం అత్త చివరిదాకా తను చదివేసి, ఆ తర్వాతే ఆమెకు మొదలుపెట్టేది. అన్నేళ్లూ అట్లాగే జరిగింది.

అత్త నవలను ఎప్పుడూ సరిగ్గా కుట్టడానికి కారణం కూడా అదే. అద్దె పుస్తకాల అంచులు నలిగినప్పుడల్లా సాయిబు వాటిని కత్తిరించేవాడు. పాత పుస్తకాలకైతే పేజీ నంబర్లు ఆ కత్తిరింపుల్లోనే పోయేవి. అత్తకు నంబర్లతో పని లేదు. కథ తెలుసు కాబట్టి ఏ కట్ట తర్వాత ఏ కట్టో ఆమెకు తెలుసు.

జేజి కంటికి పొర కమ్మి నంద్యాలలో ఆపరేషన్ చేయించాలని నిర్ణయమైంది. బయల్దేరే ముందు రోజు వచ్చిన నవల అట్లాంటి నంబర్లు లేని పుస్తకం. బలే కథ అని కండక్టరు ఊరించి మరీ ఇచ్చాడు. జేజికి లోపల భయం. భయమని చెప్పలేదు. అత్త చాప పక్కన చతికిలబడి, నేను తిరిగొస్తానో రానో, ఈ కథలో పిల్ల సంగతేమైందో ఇప్పుడే చెప్పి పంపు అంది. ఇంకా నేనే చదవలేదమ్మా అంటే వినలేదు. అత్త పుస్తకం కుట్లు విప్పి, చివరి కట్ట తీసి జేజికి చదవడం మొదలుపెట్టింది. తనకు అంత ప్రాణమైన కథను తోక నుంచి చదివింది. చివరి కట్ట అర్థం కావాలంటే దాని ముందుది కావాలి, దానికి ఇంకో ముందుది కావాలి. అట్లా జేజి కోసం వెనక నుంచి ముందుకు రెండు మూడు కట్టలు వచ్చింది. మిగిలిన కట్టలు అమ్మకూ, పెద్దమ్మకూ, పంతులమ్మకూ వెళ్లిపోయాయి. అత్త ఆ మధ్య భాగం చదవనే లేదు.

మరుసటి పొద్దున ఇల్లంతా గోలగా ఉంది. జేజి మూట సర్దుతున్నారు. బస్సు అహోబిలం నుంచి వచ్చేసింది, హారన్ కొడుతోంది. మధ్య కట్టలు రెండు ఇళ్ల నుంచి ఒకేసారి వచ్చి పడ్డాయి. జేజి అత్త గడ్డం పట్టుకుని ఏడుస్తోంది, నాయన తొందర పెడుతున్నాడు. అత్త ఒక చేత్తో జేజి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కట్టలు వరస పెట్టి గబగబా కుట్టేసింది. బంక ఆరకముందే పుస్తకం బస్సెక్కింది, జేజి కూడా ఎక్కింది.

జేజి క్షేమంగా తిరిగొచ్చింది, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని. పుస్తకం గురించిన కబురే బాగా లేదు. ఆ నవలను తర్వాత నంద్యాలలో ఒక కోర్టు గుమాస్తా తీసుకుపోయాడట. చదివి షాపుకొచ్చి సాయిబు మీద విరుచుకుపడ్డాడట. చితి మీద కాలిపోయిన మొగుడు నాలుగు పేజీల తర్వాత వచ్చి కాఫీలో చక్కెర తక్కువైందంటాడేమిటి, ఇది నవలా, దయ్యాల కథా అని. సాయిబు పుస్తకం తిరగేసి చూశాడు. కుట్టు కొత్తగా ఉంది, దారం గోనె సంచుల దారం. అంతకుముందు పోయింది మా అంగడికే కాబట్టి ఎవరి పనో తెలిసిపోయింది. పుస్తకాలు విప్పి పాడుచేసేవాళ్లకు ఇంక ఒక్కటి కూడా ఇవ్వనని కండక్టరుతో చెప్పేశాడు.

మొదట మేం నవ్వుకున్నాం. చక్కెర మాట చెప్పుకుని అమ్మా పెద్దమ్మా పడీ పడీ నవ్వారు. అత్త నవ్వలేదు. మరుసటి రోజు బస్సొచ్చింది, కండక్టరు మొహం తిప్పుకుని పోయాడు. ఆ తర్వాత రోజూ అంతే. అప్పుడు మాకు అర్థమైంది. మాకైతే నవలలు లేకపోతే వేరే పనులున్నాయి. అమ్మకు వంట ఉంది, పెద్దమ్మకు పిల్లలున్నారు, పంతులమ్మకు సెలవులైతే బడి ఉంది. అత్తకు ఆ కిటికీ, ఆ చాప, ఆ బస్సు మోత. బస్సు చప్పుడు వినగానే ఆమె వేళ్లు పొట్లం మీద ఆగిపోయేవి. చదవడానికి ఏదీ లేక పొట్లాల కాగితాలే చదివేది. సగం వార్త, సగం వంటకం. అన్నం కంచం సగంలోనే పక్కకు జరిపేది. నాకు భయమేసేది. కాయితం చదివీ చదివీ అత్త కూడా ఒక పొట్లమై ఆ మూలనే ఉండిపోతుందేమో అనిపించేది.

నాయన మంచిగా చెప్పిచూడమని కండక్టరును రెండు మూడు సార్లు పంపాడు. సాయిబు కరగలేదు. చివరికి ఒకరోజు కండక్టరు వచ్చి, నసిగి నసిగి, విప్పినోళ్లే వచ్చి నా ముందర నిలబడి చెప్పాల, అప్పుడు చూస్తా అన్నాడని చెప్పాడు. సాయిబుకు అత్త సంగతి తెలియదు. కండక్టరు కూడా చెప్పి ఉండడు, చెప్పడానికి నోరు రాక. నాయన వెంటనే, నేను పోయి మాట్లాడతాలే అన్నాడు.

లోపలి గదిలోంచి అత్త గొంతు వచ్చింది. “విప్పింది నువ్వాన్నా?”

అందరం ఆ గది వైపు తిరిగాం. అత్త గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఇంట్లో కట్టుకునే చీర మార్చి, పెట్టె అడుగున ఉన్న జరీ అంచు చీర కట్టుకుంది. సంచిలో దబ్బనం, దారం పెట్టుకుంది. నాయన అడ్డం వచ్చాడు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుందనీ, నంద్యాలలో జనం తోసేస్తారనీ, ఎండ అనీ ఏవేవో చెప్పాడు. పచ్చగుడ్డ కట్టుకున్న జేజి మంచం మీద నుంచే, పోనీరా అంది. తోడుగా నన్ను పంపారు.

బస్సు మెట్టు నిజంగానే ఎత్తుగా ఉంది. కండక్టరు చెయ్యి అందించాడు, డ్రైవరు కూడా దిగొచ్చాడు. అత్త ఇద్దరినీ వద్దంది. వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుంది. చేతులు ఆనించి పై మెట్టు మీదికి జరిగింది, అక్కడి నుంచి లోపలికి జరిగింది. ఆ కాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. జరీ అంచుకు దుమ్ము అంటింది. బస్సులో వాళ్లంతా చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, వెంటనే నా సిగ్గు మీద నాకే కోపమొచ్చింది. అత్త చీర దులుపుకుని, ఇంగ పోనీయప్పా అంది.

సాయిబు షాపు ఒక ఇరుకు గది. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే. బంక వాసన, పాత కాగితం వాసన. అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కళ్లు కింది వరస నుంచి మెల్లగా పైదాకా పోయి, మళ్లీ కిందికి వచ్చాయి. ఇన్నేళ్లు కండక్టరు సంచిలోంచి ఒక్కొక్కటిగా వచ్చినవన్నీ అక్కడ గోడై నిలబడ్డాయి. సాయిబు లేచాడు. తెల్ల గడ్డం, లావుపాటి కళ్లద్దాలు. ఆమె నడక చూసి ముందు స్టూలు జరిపాడు. అత్త కూర్చోలేదు.

“ఆళ్లగడ్డ నుంచి వచ్చినాం. నీ పుస్తకం విప్పింది నేనే, కుట్టింది నేనే. పిల్లోళ్లు చేసింది కాదు.”

“ఎందుకు విప్పినావమ్మా?”

“ఒక్క దినమే ఇస్తాండావు. చదివేటోళ్లం వీధి పొడుగునా ఉండాం. విప్పకుంటే ఎట్లా?”

సాయిబుకు అర్థం కాలేదు. మధ్యలో నేను దూరి అంతా చెప్పాను, కట్టల సంగతి, నేను మోసే సంగతి, జేజి ఆపరేషన్ సంగతి. వినాయకుడి ఒడి సంగతి మాత్రం దాటేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పక్క అరలోంచి ఒక పుస్తకం లాగి వీపు చూశాడు, ఇంకొకటి లాగి చూశాడు. కొన్ని పుస్తకాలు తన దగ్గర్నుంచి పోయినదానికంటే గట్టిగా తిరిగొస్తుంటే, ఎవరో పుణ్యాత్ములు బాగుచేసి పంపుతున్నారనుకున్నాడట. అవన్నీ అత్త కుట్లే. ఆయన నవ్వలేదు గానీ గడ్డం కదిలింది. తప్పు కుట్టిన ఆ నవల తీసి ఆమె చేతిలో పెట్టి, సరిచేసి ఇచ్చి పొమ్మన్నాడు.

అప్పుడు అత్త కూర్చుంది. దబ్బనంతో కుట్లు లాగి కట్టలు ఒళ్లో పరుచుకుంది. ఒక కట్ట చివరి మాట, ఇంకో కట్ట మొదటి మాట పక్కపక్కన పెట్టి కలుస్తాయా లేదా అని చూసుకుంటూ వరస పెట్టింది. రెండు కట్టలు వరస పెట్టాక మూడోదానికి చెయ్యి పోలేదు. చూస్తే చదువుతోంది. ఆ మధ్య భాగం ఆమె చదవలేదు కదా. సాయిబు ఏదో అడిగాడు, వినపడలేదు. నేను భుజం తట్టబోతే సాయిబు వద్దని సైగ చేశాడు.

మధ్యాహ్నం నమాజు వేళయింది. ఆయన టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి, “మీ అత్తను కదిలియ్యొద్దు పాపా, నేను పోయొస్తా” అని చెప్పి, షాపు తెరిచే ఉంచి మా మీద వదిలేసి పోయాడు. ఒకామె వచ్చి ఏదో నవల అడిగింది. అత్త తల ఎత్తకుండానే, అది వద్దు, సగం నుంచి సాగదీసినాడు, ఆ పక్కన పచ్చట్టది తీసుకో అంది. ఆమె బుద్ధిగా పచ్చట్టది తీసుకుని పోయింది.

సాయిబు చాయ్, బన్ను పట్టుకుని తిరిగొచ్చేసరికి అత్త చివరి కుట్టు వేసి దారం పంటితో కొరికింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బయటి చాయ్ ముట్టుకోకూడదని మా ఇంట్లో నియమం. అత్త గ్లాసు తీసుకుని తాగింది, నేనూ తాగాను. ఆయన కుట్టు చూసి, వేలితో నొక్కి, బాగుందన్నాడు. అత్త గ్లాసు కింద పెట్టి, మళ్లీ కండక్టరు చేతికి పంపుతావా అని అడిగింది.

“పంపను,” అన్నాడు సాయిబు. “నీకేది నచ్చుతాదో వానికేం తెలుస్తాదమ్మా? నువ్వే రా. చూసి తీసుకపో. ఎన్ని దినాలన్నా పెట్టుకో.”

ఆ రోజు అత్త చాలాసేపు వెతికి ఒక నవల తనే ఎంచుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ బస్సును వెనక్కి తిరిగి మెట్టు మీద కూర్చుని ఎక్కే మా అత్తను నంద్యాల దారిలో అందరూ ఎరిగారు. రుద్రవరం నుంచి వచ్చేవాళ్లు కూడా ఏ నవల బాగుందో ఆమెనే అడిగేవాళ్లు. పుస్తకం నాలుగు రోజులు ఇంట్లో ఉండేది కాబట్టి ఇంక ఎవరూ కుట్లు విప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు నిదానంగా చదువుకున్నారు. వీధంతా ఒకే రోజు ఒకే కథలో ఉండటం అనేది ఆ వేసవితోనే పోయింది. దానికి నాకు బాధే. ఇప్పుడు సాయిబు షాపు లేదు, శిల్పాల పెద్దమ్మ లేదు, అత్త కూడా లేదు. అవన్నీ ఒకప్పుడు ఉండేవని చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

కానీ నవల అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఆ రోజు సాయంత్రం తిరుగు బస్సు. శిరివెళ్ల దాటాం. అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో కొత్త నవల ఉంది, తెరవలేదు. తెరవని పుస్తకం ఆమె ఒళ్లో ఉండటం నేను చూడలేదు అంతకుముందు. ఆమె పొలాలు చూస్తోంది, కాలవ నీళ్లు చూస్తోంది, గొర్రెలను తోలుకుపోతున్న మనిషి కనపడకుండా పోయేదాకా మెడ తిప్పి చూసింది. నల్లమల ఇంత దగ్గరగా ఉంటుందా అని నన్నడిగింది. ఉంటుందత్తా, ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది అన్నాను. తర్వాత, నాతో కాదన్నట్టు, కిటికీ వైపే తిరిగి అంది.

“బస్సెక్కొచ్చని నాకెవురూ చెప్పల్యేదు.”

ఆ మాటలో కోపం లేదు. నాకప్పుడు అర్థం కూడా కాలేదు, ఆకలేస్తోందని చెప్పాను. ఇప్పుడు అర్థమవుతుంది. మా ఇంట్లో ఆమెను ప్రేమించనివాళ్లు లేరు. కాఫీ తెచ్చిచ్చాం, కంచం తెచ్చిచ్చాం, చీరలు తెచ్చిచ్చాం, నంద్యాల నుంచి నవలలు తెప్పించి ఇచ్చాం. మాతో వస్తావా అని మాత్రం మాలో ఒక్కరం కూడా అడగలేదు.